పెడల్ నుంచి పప్పు దాకా

ఆకలి తీర్చడానికి డబ్బు కూడబెట్టే సైకిల్ యాత్రలో మూడు పక్షాలుంటాయి. సైకిల్ తొక్కేవారు, వారిని చూసి డబ్బిచ్చేవారు, ఆ డబ్బుతో తిండి తినేవారు. మొదటి రెండు పక్షాలూ చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే: బంధువులు, స్నేహితులు, కలిసి పనిచేసేవాళ్లు. మూడో పక్షం సాధారణంగా జెండా ఊపే చోట కనబడదు. యాత్ర బాగా జరిగిందా లేదా అన్నది తేలేది మాత్రం వాళ్ల ఇంట్లోనే.

ఇలాంటి యాత్రలో సొమ్ము రెండు దారుల్లో వస్తుంది. పాల్గొనేవారు కట్టే ప్రవేశ రుసుము ఒకటి. తొక్కిన ప్రతి కిలోమీటరుకు ఇంత ఇస్తామని ఇతరులు ముందుగా ఇచ్చే మాట రెండోది. లెక్క కోసం ఒక ఊహ చేసుకోవచ్చు. అరవై మంది ఒక్కొక్కరు ఎనభై కిలోమీటర్లు తొక్కుతారనుకుందాం. ఒక్కొక్కరి వెనక ఒక్క దాత ఉండి, కిలోమీటరుకు పది రూపాయలిస్తే మొత్తం 48,000 రూపాయలవుతుంది. అదే ఒక్కొక్కరి వెనక ఐదుగురు దాతలుంటే 2,40,000 రూపాయలు. దూరం పెరగలేదు, ఎవరి కాళ్లూ అదనంగా నొప్పి పెట్టలేదు, సొమ్ము మాత్రం ఐదింతలైంది. యాత్ర బలం దూరంలో కన్నా దాతల సంఖ్యలో ఉంటుందన్నది నిర్వాహకులు మొదట గ్రహించాల్సిన సంగతి. యాత్రకు ముందు ఫోన్లు చేసి, ఇళ్లకు వెళ్లి అడిగే రెండు మూడు నెలలే అసలు కష్టకాలం.

డబ్బు నేరుగా అడగొచ్చు కదా, మధ్యలో సైకిల్ ఎందుకన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మంచి పని కోసం తానే కొంత శ్రమపడాల్సి వస్తే మనిషి చెయ్యి ఇంకాస్త ధారాళమవుతుందని ఒలివోలా, షఫీర్ అనే పరిశోధకులు 2013లో ఒక అధ్యయనంలో చూపించారు. మోకాళ్ల మీద కొండ ఎక్కే మొక్కులున్న దేశంలో ఈ సంగతి చెప్పడానికి పరిశోధన అవసరం లేకపోవచ్చు. ఆ శ్రమను చూసినవారూ కదులుతారు: కొండగట్టుకు కాలినడకన వెళ్లే దీక్షాపరులకు దారి పొడవునా మంచినీళ్లు, పండ్లు ఇచ్చే చేతులు ఎవరూ అడగకుండానే ముందుకొస్తాయి.

శ్రమను చూపి ఆకలి కోసం చందా పోగుచేయడం పాశ్చాత్య దేశాల్లో మొదట నడకతో బలపడింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1969లో మొదలైన ఆకలి నడక ఈ తరహా కార్యక్రమాల్లో పేరున్నది. సైకిల్ ఆ తర్వాత వచ్చింది. ఇథియోపియా కరువు రోజుల్లో, 1984లో, పుట్టిన ‘షేర్ అవర్ స్ట్రెంగ్త్’ అనే సంస్థ పిల్లల ఆకలి మీద పనిచేస్తోంది. దాని కోసం హోటళ్లలో వంట చేసే షెఫ్‌లు ‘షెఫ్స్ సైకిల్’ పేరుతో మూడు రోజుల్లో 300 మైళ్లు, అంటే దాదాపు 480 కిలోమీటర్లు తొక్కుతారు. వండి పెట్టేవాళ్లే ఆకలి కోసం రోడ్డెక్కడం దానికి పేరు తెచ్చింది.

తెలుగు నేల మీద సైకిల్ యాత్ర, ఆకలి సాయం అనే రెండు పాయలూ విడివిడిగా ఉన్నాయి. ప్రమాదంలో కాలు కోల్పోయి సైక్లిస్టుగా ఎదిగిన హైదరాబాదీ ఆదిత్య మెహతా స్థాపించిన ఫౌండేషన్ ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరుతో దూరయాత్రలు నడుపుతోంది. 2020 చివర్లో అది కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా సాగింది. ఆ సొమ్ము వెళ్లేది దివ్యాంగ క్రీడాకారుల శిక్షణకు. ఆకలి వైపు చూస్తే, 2014 ఆగస్టులో హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి మొదలుపెట్టిన ‘రైస్ బకెట్ ఛాలెంజ్’ కనబడుతుంది. అప్పట్లో అమెరికా నుంచి మంచునీళ్ల బకెట్ నెత్తిన కుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతా పాకింది. ఆమె నీళ్లను తీసేసి బియ్యం పెట్టారు. ఒక బకెట్ బియ్యం పక్కనున్న పేదవారికి ఇవ్వాలి, ఫొటో పెట్టాలి, మరొకరిని ఆహ్వానించాలి. మధ్యలో సంస్థ లేదు, ఖాతా లేదు, ఖర్చు లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో సైకిల్ యాత్ర తలపెట్టేవారు ఒకరి నుంచి శ్రమను, మరొకరి నుంచి ఈ పొదుపును తీసుకోవచ్చు.

సైకిల్ తొక్కి డబ్బు అడగడం మాత్రం ఉత్తర తెలంగాణ ఊళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు ఊరి నడుమ ఖాళీ జాగాలో గుంజలు పాతి, మైకు కట్టి, ఒక మనిషి రోజుల తరబడి దిగకుండా గుండ్రంగా సైకిల్ తొక్కేవాడు. స్నానం, తిండి అన్నీ దాని మీదే. మెచ్చినవాళ్లు అంగీకి నోట్లు పిన్నుతో గుచ్చేవాళ్లు. అక్కడ ఆకలి తీరేది తొక్కినవాడిదే, వాడి ఇంటివాళ్లదే. ఆ లెక్కన చూస్తే ఆకలి కోసం సైకిల్ తొక్కడంలో అంతకన్నా నిఖార్సయిన రకం మరొకటి లేదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి ముందు దండారీ బృందాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విడిదికి వెళ్తాయి. వచ్చినవారికి ఆ ఊరు అన్నం పెడుతుంది, తర్వాత ఈ ఊరివాళ్లు ఆ ఊరికి అతిథులవుతారు. అందులో దాత ఎవరో, గ్రహీత ఎవరో విడదీయడం కుదరదు. చందా యాత్రలకు ఆ మర్యాద ఇంకా అబ్బలేదు.

ఇక అసలు విషయం, ఈ ప్రాంతంలో ఆకలి ఏ రూపంలో ఉంది అన్నది. 2016 అక్టోబరులో పాత కరీంనగర్ జిల్లా ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, పాత ఆదిలాబాద్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయాయి. వీటన్నిటిలోనూ రేషన్ కార్డున్న ఇంట్లో బియ్యం ఉంటుంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకిచ్చిన బియ్యం ఇప్పుడు ఉచితం. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. 2025 ఉగాది తర్వాత సన్నబియ్యమే వస్తోంది.

ఆరు కిలోలంటే రోజుకు రెండు వందల గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించిన రెండు వేల క్యాలరీల పళ్లెంలో ధాన్యం 250 గ్రాములుంటే, పప్పు దినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉంటాయి. పాలు, పండ్లు, గింజలు, నూనె వేరే. ధాన్యం వాటా చాలావరకు రేషన్ దుకాణంలో దొరుకుతుంది. మిగతాదంతా కొనుక్కోవాలి. కాబట్టి ఇక్కడి ఆకలి ఎక్కువగా అన్నం పక్కన ఏమీ లేకపోవడంగా కనిపిస్తుంది. ఎర్ర కారం కలుపుకుని, చింతపండు పులుసు పోసుకుని తిన్న కడుపు నిండినట్టే ఉంటుంది. పిల్లల బరువు, తల్లుల రక్తం వేరే మాట చెబుతాయి.

ఈ సంగతి గమనించకుండా బియ్యం బస్తాలు పంచే యాత్రలు చాలా ఉంటాయి. బస్తా ఫొటోలో నిండుగా కనిపిస్తుంది. ఉన్నదాని మీద మరికొంత పెట్టడం వల్ల ఆ ఇంటికి కలిగే మేలు తక్కువ. అదే డబ్బుతో పప్పు, నూనె, గుడ్లు, పల్లీలు ఇస్తే పళ్లెం మారుతుంది.

ఆకలి ఎవరిది, ఏ నెలలో అన్నది కూడా చోటును బట్టి ఉంటుంది. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిన నెలే కష్టకాలం. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆ పట్టణానికి పని ఇచ్చాయి. ఆర్డరు ఆలస్యమైతే ముందు తగ్గేది కూర, తర్వాత పాలు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లలో తునికాకు అందని వారాలు అలాంటివే. గల్ఫ్‌లో ఉన్న మగమనిషి నుంచి డబ్బు ఆగిన ఇల్లు బయటికి పక్కా భవనంలా ఉంటుంది, లోపల వంట పలుచబడుతుంది.

ఆదిలాబాద్ కథ వేరు. అక్కడి నల్లరేగడి నేలల్ని పత్తి ఆక్రమించుకుంది. ఒకప్పుడు జొన్న గట్క, అంబలి, రొట్టె ఇంటి పంటతోనే వచ్చేవి. ఇప్పుడు పత్తి అమ్మితే తప్ప తిండి కొనలేని ఇళ్లు పెరిగాయి. పత్తి డబ్బు చలికాలంలో చేతికొస్తుంది. జూన్ వచ్చేసరికి విత్తనాలకు, ఎరువులకు అప్పు మొదలవుతుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాగులు పొంగి దారులు తెగుతాయి, జ్వరాలు వస్తాయి, చేతిలో రూపాయి ఉండదు. గోండు, కోలాం, తోటి గూడేల్లో ఈ మూడు నెలలే ఏడాదిలో అన్నిటికన్నా గడ్డువి. కోలాం, తోటి తెగల్ని ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాల్లో చేర్చింది. పత్తి వచ్చి జొన్న పోయిందని, జొన్నే సర్వరోగ నివారిణి అనుకోవడమూ తప్పే. దక్కనులో జొన్న ఒక్కదాని మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే పోషక లోప వ్యాధి కనిపించిందనీ, దానికి జొన్నలోని లూసిన్ కారణం కావచ్చనీ గోపాలన్, శ్రీకంటియా 1960లోనే రాశారు. జొన్నకైనా, బియ్యానికైనా పక్కన పప్పు కావాలి.

ఇక్కడే సైకిల్ యాత్రకు ఒక చిక్కు వస్తుంది. యాత్రకు అనువైన కాలం నవంబరు నుంచి జనవరి దాకా. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ ఆదిలాబాద్ ఏజెన్సీలోనే నమోదవుతాయి కనుక తెల్లవారుజామున చలి కొరుకుతుంది, కానీ పగలు తొక్కడానికి హాయిగా ఉంటుంది. వానాకాలంలో ఘాట్ల మీద తొక్కడం ప్రమాదం, మే నెలలో ఎండ ప్రాణాంతకం. అంటే డబ్బు చలికాలంలో పోగవుతుంది, ఆకలి వానాకాలంలో వస్తుంది. జనవరిలో సరుకులు పంచి ఫొటోలు తీసుకునే యాత్ర, పత్తి డబ్బు ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే సాయం చేసి, అవసరమైన జులైకి మాయమవుతుంది.

దీనికి జవాబు ఆ నేల మీదే ఉంది. ఆదిలాబాద్‌లో పత్తి సాళ్ల మధ్య కంది వేయడం పాత అలవాటు. కంది పంట సంక్రాంతి అటు ఇటుగా ఇంటికొస్తుంది, అప్పుడే ధర కాస్త దిగుతుంది. డిసెంబరులో యాత్ర చేసి, జనవరి, ఫిబ్రవరిల్లో ఆ ఊళ్ల రైతుల దగ్గరే కందులు కొని, బాగా ఎండబెట్టి, వేపాకు వేసి నిలవచేసి, జూన్ చివర్లో పప్పు పట్టించి పంచితే డబ్బు, పంట, ఆకలి మూడూ ఒక వరసలోకి వస్తాయి. కొన్న డబ్బు కూడా ఆ ఊరి రైతుకే పోతుంది. వాగు పొంగకముందే సరుకు గూడెం చేరాలి. పంపకం తేదీని యాత్ర తేదీతో పాటే కాగితం మీద పెట్టుకోవడం మంచిది.

ముందు చెప్పిన ఊహాలెక్క ఇక్కడ పనికొస్తుంది. 2,40,000 రూపాయలకు, కిలో 120 అనుకుంటే, రెండు వేల కిలోల పప్పు వస్తుంది. పోషకాహార సంస్థ సూచన ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు కావాలి. అందులో సగం, ఐదు కిలోలు, యాత్ర భరిస్తే మూడు నెలలకు ఇంటికి పదిహేను కిలోలు. 133 ఇళ్లకు సరిపోతుంది. నలభై, నలభై ఐదు గడపలుండే గూడేలు మూడు. అరవై మంది ఒక రోజు తొక్కిన శ్రమ మూడు గూడేలకు ఒక వానాకాలానికి కావాల్సిన పప్పులో సగం ఇస్తుంది. అంతకు మించి చెబితే అబద్ధం, తక్కువ చెబితే అన్యాయం.

దారి ఎంపికలో ఆడంబరం కన్నా భద్రత ముందు చూడాలి. హైదరాబాద్, నాగపూర్‌ల మధ్య నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నున్నగా ఉంటుంది, కానీ లారీల వేగం సైకిలుకు చేటు. నిర్మల్ దాటగానే వచ్చే మహబూబ్ ఘాట్ మలుపులు అందమైనవే, దిగేటప్పుడు బ్రేకు పట్టు తప్పితే అంతే. కొత్తవారికి కరీంనగర్ నుంచి జగిత్యాల దాకా దాదాపు యాభై కిలోమీటర్లు చాలు. అనుభవమున్నవారు అక్కడి నుంచి ధర్మపురి, రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం దారిన ఉట్నూరు చేరవచ్చు. నాగోబా జాతరకు గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలం తెచ్చే హస్తినమడుగు జన్నారం మండలంలోనే ఉంది. జన్నారం తర్వాత దారి 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవిలోంచి పోతుంది. అటవీ శాఖకు ముందే చెప్పాలి, చీకటి పడేలోగా అడవి దాటాలి. పోలీసుల అనుమతి, వెనక అంబులెన్సు, ప్రతి పదిహేను ఇరవై కిలోమీటర్లకు నీళ్లు, పంక్చరు వేసే మనిషి, తలకు హెల్మెట్ తప్పనిసరి. ఉట్నూరు చేరినవారు ఆ రాత్రి గూడెంలో జొన్నరొట్టె తిని పడుకుంటే, మొదట చెప్పిన మూడో పక్షం వాళ్లకు మొహాలతో సహా తెలుస్తుంది.

డబ్బు వ్యవహారంలో చట్టం గట్టిగా ఉంటుంది. వ్యక్తిగత ఖాతాలో చందాలు వేయించుకోవడం మొదటి తప్పు. రిజిస్టరైన సంస్థ పేరున ఖాతా ఉండాలి. ఆదాయపు పన్నులో 80జి అని పేరుపడ్డ మినహాయింపు ఉన్న సంస్థకు ఇస్తే దాతకు పన్ను కొంత తగ్గుతుంది, కానీ రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆ వెసులుబాటు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు. గల్ఫ్‌లోని జగిత్యాల, సిరిసిల్ల కార్మికులు భారత పౌరులే కనుక తమ సొంత సంపాదనలోంచి ఇవ్వవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే మాత్రం అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా లేకుండా అది తీసుకోకూడదు.

పెద్ద సొమ్ముకు మరో తలుపుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. చట్టం ఏడో షెడ్యూలులో ఆకలి, పేదరికం, పోషకాహార లోపం మొదటి అంశంగానే ఉంది. సింగరేణి గనులు, రామగుండం ఎన్టీపీసీ ఈ నేల మీదే ఉన్నాయి. యాత్రికులు తెచ్చిన ప్రతి రూపాయికి తామూ ఒక రూపాయి కలుపుతామని ఒక కంపెనీ చేత ముందే ఒప్పిస్తే, దాతల్ని అడిగే పని సులువవుతుంది.

ఖర్చు దగ్గరే చాలా యాత్రలు పలుచనవుతాయి. టీషర్టు, పతకం, బ్యానరు, వేదిక, సన్మాన శాలువాలు కలిపితే ప్రవేశ రుసుము మొత్తం ఆవిరి కావచ్చు. ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు: యాత్ర ఖర్చులన్నీ ప్రవేశ రుసుములోంచే తీరాలి, కిలోమీటరు లెక్కన వచ్చిన చందా పూర్తిగా తిండికే పోవాలి. రుసుము చాలకపోతే టీషర్టు మానేయాలి. పాత టీషర్టుతో తొక్కినా చక్రం తిరుగుతుంది.

సరుకు ఎవరి చేతుల మీదుగా పోవాలన్నది చివరి మెట్టు. కొత్త గిడ్డంగి, కొత్త కమిటీ అవసరం లేదు. ప్రతి ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, మహిళా సంఘం ఉంది, ఏ ఇంట్లో బాలింత ఉందో వాళ్లకు తెలుసు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, గిరిజన సంక్షేమ శాఖ కలిసి నడిపిన ‘గిరి పోషణ’లో జొన్న, పప్పుల పొడి ఆహారాలు ఉట్నూరు ప్రాంత అంగన్‌వాడీలకు అందాయి. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. మార్చి, ఏప్రిల్‌లలో రాలే ఇప్పపువ్వును ఏరి అమ్మేదీ ఆ గూడేలవాళ్లే. యాత్ర సొమ్ములో కొంత ఇలాంటి లడ్డూలు కొనడానికి పోతే తినేవాళ్లకు, చేసేవాళ్లకు ఇద్దరికీ అందుతుంది. పట్టణాల్లో పెళ్లిళ్లలో మిగిలిన వంటకాల్ని పంచే ఆలోచన ఉంటే 2019 నాటి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలు చూసుకోవాలి. చెడినవి, గడువు దాటినవి పంచకూడదు, ఎక్కడ తెచ్చి ఎక్కడ ఇచ్చారో రాసి ఉంచాలి. వేములవాడలాంటి క్షేత్రాల్లో నిత్యాన్నదానం ఉండనే ఉంది. చందా డబ్బు అక్కడికి కాక, గుడి దాకా రాలేని వృద్ధుల ఇంటికి వెళ్లాలి.

లెక్క చెప్పే పద్ధతి ఈ జిల్లాలకు తెలిసిందే. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతగా వచ్చిన జిల్లాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. ఆ పనుల సామాజిక తనిఖీలో ఎవరి పేరున ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది ఊరి ముందు బిగ్గరగా చదివి, నిజమా కాదా అని అడిగేవారు. యాత్ర లెక్కనూ అలాగే సెప్టెంబరులో, పంపకం పూర్తయ్యాక, ఆ మూడు గూడేల్లోనే చదవాలి. వచ్చినది ఎంత, కందులకు ఎంత, మిల్లుకు ఎంత, రవాణాకు ఎంత, ఏ ఇంటికి ఎన్ని కిలోలు. గోండి, కొలామీ తెలిసిన మనిషి చేత ఆయా భాషల్లో చెప్పించాలి. అదే కాగితం దాతలకూ పంపాలి. ఏదైనా ఇల్లు జాబితాలో తప్పిపోయిందని ఎవరైనా లేచి చెబితే, మిగిలిన నిల్వలోంచి ముందు ఆ ఇంటి బాకీ తీర్చి, తర్వాత డిసెంబరు యాత్రకు తేదీ వేసుకోవాలి.